థామస్ మిడ్‌గ్లీ

థామస్ మిడ్‌గ్లీ జూనియర్ (మే 18, 1889 - నవంబరు 2, 1944) అమెరికాకు చెందిన ఇంజనీరు, రసాయన శాస్త్రవేత్త. మోటారు ఇంజనులలో వచ్చే నాకింగ్ అనే దోషాన్ని నివారించడానికి పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని కలిపే పద్ధతిని 1921లో కనుగొన్నాడు. రిఫ్రిజిరేటర్లలో వాడిన ఫ్రియాన్ వాయువును రూపొందించిన బృందానికి కూడా ఇతడే నాయకుడు. తండ్రి పేరు కూడా థామస్ మిడ్‌గ్లీయే కావడం వలన ఇతని పేరు చివర జూనియర్ అని చేర్చి వ్రాస్తారు.

జీవించి ఉన్నంత కాలం మిడ్‌గ్లీ తన దేశంలో రసాయన శాస్త్రానికి ఇచ్చే పెద్ద పురస్కారాలన్నీ దాదాపుగా అందుకున్నాడు. మరణించిన కొన్ని దశాబ్దాలకు అతని రెండు ఆవిష్కరణలనూ ప్రపంచ దేశాలు ఒకదాని తరువాత ఒకటిగా నిషేధించాయి. వీటిలో సీసం కథ మోటారు వాహనాల చరిత్రతో పూర్తిగా పెనవేసుకుని ఉంది. పెట్రోలు బంకులో కనిపించే ఆక్టేన్ సంఖ్య, కారులో ఇంజనును నియంత్రించే కంప్యూటరు, పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరు, ఈ మూడూ ఏదో ఒక విధంగా మిడ్‌గ్లీ పనికి కొనసాగింపో, విరుగుడో అవుతాయి.

బాల్యం, విద్యాభ్యాసం

మిడ్‌గ్లీ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్ ఫాల్స్ పట్టణంలో జన్మించాడు. వారిది ఆవిష్కర్తల కుటుంబం. తండ్రి వాహనాల చక్రాలు, టైర్లకు సంబంధించిన పరికరాలను రూపొందించాడు. మాతామహుడు జేమ్స్ ఎమర్సన్ పళ్ళు మార్చుకోదగిన రంపాన్ని తయారు చేసినవాడు. బాల్యం ఎక్కువ భాగం ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో గడిచింది. 1911లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి మెకానికల్ ఇంజనీరింగులో పట్టా పొందాడు. ఇతడు చదివినది రసాయన శాస్త్రం కాదు, యంత్రశాస్త్రం. రసాయన శాస్త్రాన్ని ఉద్యోగంలో చేరిన తరువాత అవసరం కొద్దీ స్వయంగా నేర్చుకున్నాడు. అదే సంవత్సరం క్యారీ రేనాల్డ్స్‌ను వివాహమాడాడు.

చదువు పూర్తయిన తరువాత డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో ఏడాది కాలం పనిచేసి, కొంత కాలం తండ్రితో కలిసి టైర్ల వ్యాపారంలో ఉండి, 1916లో డేటన్‌లోనే చార్లెస్ కెటరింగ్ ప్రయోగశాలలో చేరాడు. కెటరింగ్ అప్పటికే సుప్రసిద్ధుడు. కారు ముందు నిలబడి హ్యాండిల్ తిప్పే శ్రమను తప్పించిన విద్యుత్ స్టార్టరు అతని ఆవిష్కరణ. అది 1912 నాటి కాడిలాక్ కార్లలో మొదటిసారిగా వచ్చింది. కెటరింగ్ సంస్థలను తరువాత జనరల్ మోటార్స్ కొనివేయడంతో మిడ్‌గ్లీ కూడా ఆ కంపెనీ పరిశోధకుడయ్యాడు.

నాకింగ్ సమస్య

పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమం సిలిండరులోకి వస్తుంది. పిస్టను దానిని అదుముతుంది. స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వను పుట్టించగానే మంట ఒక చోట మొదలై సిలిండరు అంతటా క్రమంగా పాకాలి. మంట తన వద్దకు చేరకముందే అవతలి మూలన మిగిలి ఉన్న మిశ్రమం వేడికి, ఒత్తిడికి తాళలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటే సుత్తితో కొట్టినట్లు లోహపు చప్పుడు వస్తుంది. దీనినే నాకింగ్ అంటారు. ఇంజను వేడెక్కుతుంది, బలం తగ్గుతుంది, ఎక్కువ కాలం సాగితే పిస్టను కూడా దెబ్బతింటుంది.

మిశ్రమాన్ని ఎంత ఎక్కువగా అదిమితే అదే పెట్రోలు నుండి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. దీనిని సంపీడన నిష్పత్తి అంటారు. ఆ రోజులలో కార్లలో ఇది నాలుగు లేక అయిదు మాత్రమే ఉండేది. అంతకు మించితే నాకింగ్ మొదలయ్యేది. చమురు నిల్వలు త్వరలో అయిపోతాయన్న భయం అమెరికాలో బలంగా ఉన్న కాలమది. కాబట్టి నాకింగ్‌ను జయించడమంటే అదే పెట్రోలుతో ఎక్కువ దూరం నడిచే కార్లను చేయడమే.

అప్పటి డ్రైవర్లకు తెలిసిన చిట్కాలు లేకపోలేదు. స్టీరింగు దగ్గర ఉండే మీటను జరిపి నిప్పురవ్వను కొంచెం ఆలస్యం చేసేవారు. కార్బురేటరును సరిచేసి పెట్రోలు పాలు పెంచేవారు. ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావాలి. గాలి అంతకంటే తక్కువగా, పెట్రోలు ఎక్కువగా ఉన్నప్పుడు ఇంజను రిచ్‌గా నడుస్తున్నదని మెకానిక్కులు అంటారు. అదనపు పెట్రోలు ఆవిరి కావడానికి వేడిని పీల్చుకుంటుంది కాబట్టి సిలిండరు లోపలి ఉష్ణోగ్రత తగ్గి నాకింగ్ కొంత అణగుతుంది. అయితే దీనికి చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. మండని పెట్రోలు నల్లని పొగగా పోతుంది. ప్లగ్గుల మీద మసి పేరుకుంటుంది. సిలిండరు గోడల మీది నూనెను పెట్రోలు కడిగివేసి అరుగుదలను పెంచుతుంది. కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు కూడా ఎక్కువగా వెలువడుతుంది. నిప్పురవ్వను ఆలస్యం చేయడమైనా, మిశ్రమాన్ని చిక్కబరచడమైనా నాకింగ్‌ను తప్పించుకునే మార్గాలే గాని పోగొట్టే మార్గాలు కావు.

కెటరింగ్‌కు ఇందులో మరొక చిక్కు ఉంది. అతని బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతి వలననే నాకింగ్ వస్తున్నదని పోటీదారులు ప్రచారం చేశారు. అతని సంస్థ పల్లెటూళ్ళ ఇళ్ళకు అమ్మిన కిరోసిను దీపాల జనరేటర్లలోనూ అదే చప్పుడు. కారణం కనుగొనే పనిని మిడ్‌గ్లీకి అప్పగించాడు.

అయోడిన్ నుండి సీసం వరకు

మిడ్‌గ్లీ చేసిన మొదటి మంచి పని ఊహలను పక్కన పెట్టి కొలవడం. సిలిండరులోని ఒత్తిడి మార్పులను చిన్న అద్దం సహాయంతో కాంతిరేఖగా మార్చి ఫిల్ము మీద నమోదు చేసే పరికరాన్ని సిద్ధం చేశాడు. నిప్పురవ్వ పడకముందే మిశ్రమం అంటుకోవడం వలన ఈ చప్పుడు వస్తుందని అంతవరకు చాలామంది నమ్మేవారు. ఫిల్ములో కనిపించినది వేరు. మంట మామూలుగానే మొదలవుతోంది, ఒత్తిడి ఒక్కసారిగా ఎగసిపడుతున్నది ఆ తరువాతనే. అంటే దోషం ఇగ్నిషన్‌ది కాదు, ఇంధనానిది.

ఆ తరువాతి మెట్టు మాత్రం కేవలం అదృష్టం. మంచు ఇంకా కరగకముందే పూచే ఒక అడవి మొక్కకు ఎర్రని ఆకులు ఉంటాయనీ, ఎరుపు రంగు వేడిని పీల్చడం వలననే అది త్వరగా పూస్తుందేమోననీ కెటరింగ్, మిడ్‌గ్లీ అనుకున్నారు. అలాగైతే కిరోసినుకు ఎర్రరంగు వేస్తే అది వేడిని త్వరగా పీల్చి, త్వరగా ఆవిరై, సాఫీగా మండవచ్చునని వారి ఊహ. నూనెలో కరిగే ఎర్రరంగు ప్రయోగశాలలో దొరకలేదు. ఉన్న వాటిలో అయోడిన్ రంగుగా ఉంటుంది కదా అని 1916 చివరలో దానినే కలిపి చూశారు. నాకింగ్ ఆగిపోయింది. తరువాత నిజమైన ఎర్రరంగులు తెప్పించి కలిపితే ఏ ప్రయోజనమూ కనిపించలేదు. రంగు సిద్ధాంతం తప్పు, కాని అయోడిన్ మాత్రం నిజంగా పనిచేసింది! అతి స్వల్ప పరిమాణంలో కలిపిన పదార్థం ఇంధనం స్వభావాన్ని మార్చగలదని ఈ విధంగా తెలిసింది.

అయోడిన్ ఖరీదైనది, లోహాన్ని తినివేస్తుంది. 1919లో అనిలిన్ పనిచేస్తుందని తేలింది. సెలీనియం, టెల్లూరియం సమ్మేళనాలు ఇంకా బాగా పనిచేశాయి గాని వాటి దుర్వాసన భరించరానిది. బట్టలకు, ఒంటికి పట్టి రోజుల తరబడి వదిలేది కాదు. చివరకు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన రాబర్ట్ విల్సన్ సూచనపై మిడ్‌గ్లీ మూలకాల ఆవర్తన పట్టికను ముందు పెట్టుకుని వరుసలలో వెదకడం మొదలుపెట్టాడు. తగరం సమ్మేళనం ఆశ కలిగించింది. దాని కిందనే ఉన్న సీసం అంతకంటే బలంగా ఉండాలని ఆ పట్టిక చెప్పింది. డిసెంబరు 9, 1921న టెట్రాఇథైల్ లెడ్‌ను ఇంజనులో పరీక్షించారు. వెయ్యికి పైగా భాగాల పెట్రోలులో ఒక్క భాగం కలిపినా నాకింగ్ పూర్తిగా ఆగిపోయింది. థామస్ బాయిడ్, క్యారల్ హాక్‌వాల్ట్ ఈ పనిలో అతని సహచరులు.

సీసం మండి ఆక్సైడుగా మారి ప్లగ్గుల మీద, వాల్వుల మీద పేరుకునేది. దానిని తొలగించడానికి ఇథిలీన్ డైబ్రోమైడును చేర్చారు. ఇది సీసాన్ని ఆవిరయ్యే రూపంలోకి మార్చి పొగగొట్టం ద్వారా బయటికి పంపుతుంది. ఇంజను శుభ్రంగా ఉంటుంది, సీసమంతా వీధిలోకి వస్తుంది. ఆ రోజున దీనిని ఒక చక్కని పరిష్కారంగానే భావించారు.

ఫిబ్రవరి 2, 1923న డేటన్‌లోని ఒక బంకులో ఈ పెట్రోలు మొదటిసారిగా అమ్మకానికి వచ్చింది. దానికి ఇథైల్ అని పేరు పెట్టారు. సీసం అనే మాట ఎక్కడా రాలేదు. ఆ ఏడాది ఇండియానాపోలిస్ మోటారు పందెంలో ముందు వరుసలో నిలిచిన కార్లు దీనినే వాడటంతో పేరు మారుమ్రోగింది.

ఆల్కహాలు ప్రత్యామ్నాయం

సీసం ఒక్కటే మార్గం కాదని మిడ్‌గ్లీకి తెలుసు. ఆల్కహాలు కలిపిన పెట్రోలు నాకింగ్‌ను ఆపుతుందని అతడు స్వయంగా పరిశోధించి, ఆ మిశ్రమాలను సమర్థించాడు కూడా. ధాన్యం నుండి, చెరకు మడ్డి నుండి ఎవరైనా తయారు చేయగల ఆల్కహాలుపై ఏ కంపెనీకీ పేటెంటు దొరకదు. పైగా అది పదో వంతుకు పైగా కలపవలసి వస్తుంది. సీసమైతే చుక్కలతో సరిపోతుంది, దాని వాడుకపై పేటెంటు ఉంటుంది. ఎంపిక వ్యాపార దృష్టితో జరిగిందని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. సాంకేతికంగా కూడా సీసానికి అనుకూలమైన అంశాలు ఉన్న మాట నిజమే గాని, ప్రత్యామ్నాయం లేకనే సీసం వచ్చిందన్న తరువాతి కాలపు వాదన సరియైనది కాదు.

విషప్రభావం, వివాదం

సీసం విషమన్న సంగతి ప్రాచీన కాలం నుండి తెలిసినదే. టెట్రాఇథైల్ లెడ్ మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఇది చర్మం ద్వారా కూడా ఒంట్లోకి ఇంకి మెదడును చేరుతుంది. 1923 ఆరంభంలో మిడ్‌గ్లీయే సీసపు విషానికి లోనై పని మానుకుని, కోలుకోవడానికి ఫ్లోరిడా వెళ్ళవలసి వచ్చింది. అమెరికన్ రసాయన సంఘంవారి నికొల్స్ పతకం అతనికి లభించినది కూడా ఆ సంవత్సరమే.

ఆగస్టు 1924లో జనరల్ మోటార్స్, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కలిసి ఇథైల్ గాసొలిన్ కార్పొరేషన్‌ను స్థాపించాయి. కెటరింగ్ అధ్యక్షుడు, మిడ్‌గ్లీ ఉపాధ్యక్షుడు. అదే సంవత్సరం అక్టోబరులో న్యూజెర్సీలోని స్టాండర్డ్ ఆయిల్ బేవే కర్మాగారంలో ఘోరం జరిగింది. సీసపు ఆవిరి సోకిన కార్మికులు మతిభ్రమకు లోనై, లేనివి ఉన్నట్లు చూస్తూ, కొందరు కట్టివేయవలసినంతగా ఉద్రేకపడ్డారు. అయిదుగురు మరణించారు. ముప్పై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. డేటన్‌లోనూ, డుపాంట్ కంపెనీ డీప్‌వాటర్ కర్మాగారంలోనూ మరణాలు సంభవించాయి. పత్రికలు ఈ పెట్రోలుకు పిచ్చిపెట్రోలు అన్న అర్థం వచ్చే పేరు పెట్టాయి. న్యూయార్క్ నగరం అమ్మకాన్ని నిషేధించింది.

అక్టోబరు 30న మిడ్‌గ్లీ విలేకరుల ముందు ఆ ద్రవాన్ని తన చేతులపై పోసుకుని, సీసాను ముక్కు దగ్గర ఒక నిమిషం పాటు ఉంచుకుని పీల్చి, ఇలా రోజూ చేసినా తనకేమీ కాదని చాటాడు. దాని విషంతో అంతకు ముందు ఏడాదే మంచం పట్టిన మనిషి చేసిన పని ఇది. జీవిత చరిత్రకారులు అతనిని క్షమించలేని సందర్భం ఇదే. ఏప్రిల్ 1925లో అతనిని కంపెనీ ఉపాధ్యక్ష పదవి నుండి తప్పించారు.

మే 1925లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య విభాగాధిపతి ఈ విషయమై సమావేశం ఏర్పాటు చేశాడు. పారిశ్రామిక వ్యాధుల నిపుణురాలు ఆలిస్ హామిల్టన్, యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త యాండెల్ హెండర్సన్ సీసపు పెట్రోలును గట్టిగా వ్యతిరేకించారు. కార్మికుల సంగతి అటుంచి, వీధులలో తిరిగే జనమందరికీ మెల్లగా ఎక్కే విషం గురించే వారి ఆందోళన. అమ్మకాలు తాత్కాలికంగా ఆగాయి. నియమించిన కమిటీ కొద్ది నెలలలోనే పరీక్షలు ముగించి, జాగ్రత్తలు పాటిస్తే నిషేధించడానికి తగిన ఆధారాలు లేవని జనవరి 1926లో నివేదిక ఇచ్చింది. దీర్ఘకాలం పరిశీలన కొనసాగాలని కూడా ఆ కమిటీ సూచించింది. ఆ పని ప్రభుత్వం చేపట్టలేదు. తరువాతి నాలుగు దశాబ్దాల పాటు ఈ విషయంపై పరిశోధన ఎక్కువగా పరిశ్రమ ధనసహాయంతో పనిచేసిన వైద్యుడు రాబర్ట్ కీహో చేతిలోనే ఉండిపోయింది.

ఆక్టేన్ సంఖ్య

నాకింగ్‌ను తట్టుకునే శక్తిని కొలవడానికి మొదట ఒక కొలబద్ద లేదు. ఇథైల్ కార్పొరేషన్‌కు చెందిన గ్రాహం ఎడ్గర్ 1920లలో రెండు శుద్ధ పదార్థాలను ఎంచుకున్నాడు. సులభంగా నాకింగ్‌కు లోనయ్యే హెప్టేన్‌కు సున్న, బాగా తట్టుకునే ఐసో-ఆక్టేన్‌కు 100. ఒక పెట్రోలు ఆక్టేన్ సంఖ్య 91 అంటే 91 పాళ్ళు ఐసో-ఆక్టేన్, 9 పాళ్ళు హెప్టేన్ కలిసిన మిశ్రమంతో అది సమానమని అర్థం. అందులో అంత ఆక్టేన్ ఉన్నదని కాదు. ఈ పరీక్షకు సంపీడన నిష్పత్తిని నడుస్తుండగానే మార్చగల ఒంటి సిలిండరు ఇంజనును వాడతారు. గాలి, పెట్రోలు పాళ్ళను మార్చుతూ నాకింగ్ ఎక్కడ అత్యధికంగా వస్తుందో అక్కడ నిలిపి కొలుస్తారు. మిశ్రమం పాళ్ళు మారితే నాకింగ్ మారుతుందన్న సంగతి ఈ విధంగా కొలమానంలోనే ఇమిడి ఉంది.

విమానాల పెట్రోలు విషయంలో ఈ తేడాకు విడిగా అంకెలు కేటాయించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు 100/130 తరగతి పెట్రోలులో మొదటి అంకె పెట్రోలు పాలు తక్కువగా ఉన్న మిశ్రమానికి, రెండవ అంకె రిచ్ మిశ్రమానికి వర్తిస్తుంది. విమానం పైకి లేచేటప్పుడు మిశ్రమాన్ని చిక్కబరచి, ఎక్కువ ఒత్తిడితో ఇంజను నుండి పూర్తి బలం తీసుకునేవారు. ఆ యుద్ధంలో మిత్రరాజ్యాల యుద్ధ విమానాలకు ఈ రకం సీసపు పెట్రోలు ఎంతో మేలు చేసింది.

ఆక్టేన్ సంఖ్య ఎక్కువైతే పెట్రోలులో శక్తి ఎక్కువని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. అది సరికాదు. అది కేవలం ఓర్పుకు కొలత. తక్కువ సంపీడనం గల ఇంజనులో ఖరీదైన పెట్రోలు పోసినందువలన వచ్చే లాభం ఏమీ ఉండదు. రిచ్‌గా నడుస్తూ నల్లని పొగ వదిలే కారుకు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు మందు కాదు. దాని జబ్బు ఇంధనం పాళ్ళలో ఉంది గాని ఇంధనం ఓర్పులో లేదు.

ఫ్రియాన్

1928లో రిఫ్రిజిరేటర్లకు సురక్షితమైన వాయువు కావాలని జనరల్ మోటార్స్ అనుబంధ సంస్థ ఫ్రిజిడేర్ కోరింది. అప్పటివరకు వాడుతున్న అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు లీకైతే ప్రాణాంతకాలు. మిడ్‌గ్లీ, ఆల్బర్ట్ హెన్నే, రాబర్ట్ మెక్‌నరీ మళ్ళీ ఆవర్తన పట్టికనే ఆశ్రయించి డైక్లోరోడైఫ్లోరోమీథేన్‌ను ఎంచుకున్నారు. 1930లో రసాయన సంఘం సభలో మిడ్‌గ్లీ ఆ వాయువును గుండెల నిండా పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది దానిని ఆర్పివేశాడు. ఇది విషం కాదు, మండదు అన్న రెండు విషయాలూ ఒకే ఊపిరితో నిరూపించాడు. ఈసారి ప్రదర్శనలో మోసం లేదు. పీల్చిన మనిషికి దాని వలన నిజంగా హాని లేదు. అది వాతావరణంలో దశాబ్దాల పాటు విచ్ఛిన్నం కాకుండా పైకి చేరి ఓజోన్ పొరను హరిస్తుందని మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు 1974లో చెప్పేవరకు ఎవరూ ఊహించలేదు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంతో దాని తయారీని అంచెలంచెలుగా నిలిపివేశారు. కనుక సీసాన్నీ, ఫ్రియాన్‌నూ ఒకే గాటన కట్టడం సమంజసం కాదు. ఒకదాని ప్రమాదం ముందే తెలుసు, రెండవ దాని ప్రమాదం తెలియదు.

చివరి సంవత్సరాలు, మరణం

1937లో పెర్కిన్ పతకం, 1941లో ప్రీస్ట్‌లీ పతకం, 1942లో విల్లార్డ్ గిబ్స్ పతకం మిడ్‌గ్లీకి లభించాయి. జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యాడు. 1944లో అమెరికన్ రసాయన సంఘం అధ్యక్షుడయ్యాడు.

1940లో 51 ఏళ్ళ వయసులో పోలియో సోకి కాళ్ళు చచ్చుబడ్డాయి. మంచం మీది నుండి లేవడానికి తాళ్ళు, కప్పీలతో ఒక సాధనాన్ని తానే అమర్చుకున్నాడు. నవంబరు 2, 1944న ఒహాయోలోని వర్తింగ్టన్‌లో ఆ తాళ్ళలో చిక్కుకుని మరణించాడు. దీనిని ప్రమాదమని కొందరు, ఆత్మహత్య అని కొందరు భావిస్తారు.

సీసానికి విరుగుడు

భూమి వయసును సీసపు ఐసోటోపుల ద్వారా లెక్కించిన క్లెయిర్ ప్యాటర్సన్‌కు తన ప్రయోగశాలలో ఎక్కడ చూసినా అదనపు సీసం అడ్డుపడేది. దాని మూలం వెదకగా సముద్రపు పైపొరలలోనూ, గ్రీన్‌లాండ్ మంచులోనూ ఇటీవలి కాలపు సీసం పేరుకుని ఉన్నట్లు తేలింది. 1965లో అతడు ప్రచురించిన వ్యాసంతో పరిశ్రమ వాదనలకు మొదటి గట్టి దెబ్బ తగిలింది. పిల్లల పాలపళ్ళలోని సీసానికి, వారి తెలివితేటలకు, ప్రవర్తనకు గల సంబంధాన్ని హెర్బర్ట్ నీడిల్‌మన్ 1979లో చూపించాడు.

అయితే సీసాన్ని కార్ల నుండి ముందుగా వెళ్ళగొట్టినది ఈ వైద్య పరిశోధనలు కావు, పొగను శుభ్రం చేసే పరికరం. 1970 నాటి అమెరికా స్వచ్ఛ వాయు చట్టాన్ని పాటించడానికి 1975 నుండి కార్లలో కెటలిటిక్ కన్వర్టరు వచ్చింది. అందులోని ప్లాటినం వంటి లోహాలపై సీసం పూతలాగా పట్టి వాటిని నిర్వీర్యం చేస్తుంది. దాని వెంటనే ఆక్సిజన్ సెన్సరు వచ్చింది. బాష్ కంపెనీ తయారు చేసిన ఈ సెన్సరును 1976లో ఓల్వో కార్లలో అమర్చారు. ఇది పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి, మిశ్రమం రిచ్‌గా ఉన్నదా లేదా అని కంప్యూటరుకు క్షణక్షణం తెలియజేస్తుంది. కంప్యూటరు పెట్రోలును తగ్గిస్తూ పెంచుతూ 14.7 పాళ్ళ దగ్గర నిలుపుతుంది. సీసపు పెట్రోలు పోస్తే ఈ సెన్సరు కూడా మొద్దుబారిపోతుంది. ఆక్సిజన్ మిగిలి ఉన్నదని అది తప్పుగా తెలిపితే, కంప్యూటరు పెట్రోలును పెంచి కారును అనవసరంగా రిచ్‌గా నడుపుతుంది. ఆ మండని పెట్రోలు కన్వర్టరులోకి చేరి మండి, దానిని కాల్చివేస్తుంది.

మిడ్‌గ్లీ కాలంలో డ్రైవరు చెవితో విని, మీటతో సరిచేసిన పనిని ఇప్పుడు నాక్ సెన్సరు చేస్తుంది. ఇంజను దిమ్మెపై బిగించిన ఈ చిన్న సాధనం చప్పుడు మొదలవగానే పసిగడుతుంది. కంప్యూటరు నిప్పురవ్వను కొద్దిగా ఆలస్యం చేస్తుంది. అందువలన తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసినా ఆధునిక ఇంజను పాడు కాకుండా తనను తాను కాపాడుకుంటుంది. బలం, మైలేజీ మాత్రం కొంత తగ్గుతాయి. టర్బో ఇంజనులలో పూర్తి బలం తీసుకునేటప్పుడు చల్లదనం కోసం మిశ్రమాన్ని ఉద్దేశపూర్వకంగా రిచ్ చేయడం కూడా ఉంది.

అమెరికాలో 1976-80 మధ్య పెట్రోలులో సీసం తగ్గిన కొద్దీ ప్రజల రక్తంలోని సీసం సగటున మూడవ వంతుకు పైగా తగ్గింది. జనవరి 1, 1996 నుండి అక్కడి రహదారి వాహనాలకు సీసపు పెట్రోలును పూర్తిగా నిషేధించారు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో అమ్మకం ఆపింది.

భారతదేశంలో

భారతదేశంలో సీసం లేని పెట్రోలు ఏప్రిల్ 1995లో నాలుగు మహానగరాలలో మొదలైంది. కన్వర్టరు ఉన్న కొత్త కార్ల కోసమే ఈ ఏర్పాటు. అటువంటి కారు మహానగరం దాటి నిర్మల్, భైంసా వంటి దూరపు పట్టణాలకు వస్తే అక్కడి బంకులో పోయించుకునే పెట్రోలు దాని కన్వర్టరుకు విషమే అయ్యేది. ఈ చిక్కు ఫిబ్రవరి 1, 2000న దేశమంతటా సీసం లేని పెట్రోలు అమలుతో తీరింది. ఆ ప్రాంతంలోనే కార్లలో కార్బురేటరు పోయి, కంప్యూటరు నియంత్రణలో పెట్రోలును చిమ్మే ఎం.పి.ఎఫ్.ఐ. పద్ధతి వ్యాపించింది. 2020 ఏప్రిల్ నుండి అమలైన బి.ఎస్.-6 ప్రమాణాలతో ద్విచక్ర వాహనాలలో కూడా చాలావరకు ఇదే పద్ధతి వచ్చింది. ఈ ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పుడు సాధారణ పెట్రోలుకు కనీసం 91, ప్రీమియం రకానికి 95 ఆక్టేన్ ఉండాలని నిర్దేశించారు.

మిడ్‌గ్లీ ఒకప్పుడు పరిశోధించి వదిలివేసిన ఆల్కహాలు మళ్ళీ వాడుకలోకి వచ్చింది. 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశంలో సాధారణమైంది. చెరకు, మొక్కజొన్న, బియ్యం నుండి వచ్చే ఇథనాల్‌కు ఆక్టేన్ సంఖ్య 100కు పైననే. అందులోనే ఆక్సిజన్ ఉన్నందున దానికి గాలి తక్కువ సరిపోతుంది. సెన్సరు గల వాహనంలో కంప్యూటరు ఈ తేడాను గమనించి ఇంధనాన్ని పెంచుతుంది. పాత కార్బురేటరు బండికి ఆ తెలివి లేదు కాబట్టి అందులో మిశ్రమం పలచబడుతుంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది.

కార్ల నుండి తొలగినా సీసం పూర్తిగా పోలేదు. పిస్టను ఇంజనులతో ఎగిరే చిన్న విమానాలలో 100 ఎల్.ఎల్. అనే సీసపు పెట్రోలును అనేక దేశాలలో వాడుతున్నారు. దానికి బదులుగా సీసం లేని ఇంధనాలను ప్రవేశపెట్టే ప్రయత్నాలు జరుగుతున్నాయి.